కొత్త డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ వచ్చినప్పుడు అభిమాని ఏం చూడాలి

అభిమాన ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను, అంటే డిఫెన్స్ వరుసకు ముందు నిలబడి ఎదుటివాళ్ల దాడులను అడ్డుకునేవాడిని, తీసుకుందన్న వార్త రాగానే విజయవాడ గవర్నర్‌పేట టీ కొట్ల దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదుల్లోనైనా ఇంచుమించు రెండు మాటలే వినిపిస్తాయి. ఆటగాడు ఖరీదైనవాడైతే "గోల్స్ కొట్టనివాడికి ఇంత డబ్బా?" అంటారు, తక్కువ ధరకు వచ్చినవాడైతే "వీడెవడురా?" అంటారు. మూడో మ్యాచ్ అయ్యేసరికి తీర్పు కూడా అయిపోతుంది. గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న స్ట్రైకర్ విషయంలో ఆ తొందర కొంతవరకు చెల్లుతుందేమో గాని, ఈ స్థానంలో ఆడేవాడి విషయంలో అసలు చెల్లదు, ఎందుకంటే అతని పనిలో అధికభాగం బంతి అతని కాళ్ల దగ్గర లేనప్పుడే జరుగుతుంది. మనలో చాలామంది క్రికెట్ స్కోరుకార్డు చదువుతూ పెరిగినవాళ్లం. అక్కడ ప్రతి బంతికీ ఏదో ఒక లెక్క పడుతుంది. ఇక్కడ మాత్రం ఒక ఆటగాడు తొంభై నిమిషాలు అద్భుతంగా ఆడినా అతని పేరు పక్కన ఏ అంకే పడకపోవచ్చు. కాబట్టి ఇతన్ని చూసే పద్ధతిని విడిగా అలవాటు చేసుకోవాలి.

మొదట చేయవలసింది, సంతకం జరిగిన రోజు వచ్చే హైలైట్స్ వీడియోలను పక్కన పెట్టడం. వాటిలో ప్రతి ట్యాకిల్ (ఎదుటివాడి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడం) గొప్పగానే కనిపిస్తుంది గాని, ఆ ట్యాకిల్ వేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కనిపించదు. ఉండవలసిన చోట లేక, ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, జారి పడి బంతిని తన్నేసినవాడు ఆ వీడియోలో వీరుడవుతాడు. ముందే సరైన చోట నిలబడి, ఆ పాస్ రాకుండానే చేసినవాడికి వీడియోలో చోటే ఉండదు. వీలైతే అతని పాత జట్టు ఆడిన పూర్తి మ్యాచ్‌లు రెండు చూడండి: ఒకటి ఆ జట్టు ఓడిపోయినది, మరొకటి ఒక్క గోల్ ఆధిక్యంతో చివరి ఇరవై నిమిషాలు నెట్టుకొచ్చినది. ఆటగాడి గురించి ఆ రెండూ చెప్పినంతగా పది క్లిప్పులు చెప్పలేవు.

ఆ మ్యాచ్‌లలో ముందుగా గమనించవలసింది, డిఫెన్స్ ముందు అతను ఒంటరిగా ఆడుతున్నాడా, పక్కన జోడీ ఉందా అన్నది. నా దృష్టిలో అభిమానుల తగవుల్లో సగం ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లనే పుడుతున్నాయి. ఇదే స్థానంలో పేరు పొందిన కాంటేకు ఇంగ్లండ్ క్లబ్బులైన లెస్టర్‌లో డ్రింక్‌వాటర్, చెల్సీలో మాటిచ్ తోడుగా ఉండేవారు; అందువల్ల అతను తన చోటు వదిలి బంతి కోసం దూరం వెళ్లినా వెనుక ఖాళీ పడేది కాదు. రోడ్రి సంగతి వేరు. అట్లెటికో మాడ్రిడ్‌లో 4-4-2 పద్ధతిలో (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు) పక్కన మరొకరు ఉండగా ఆడినవాడు, 2019లో మాంచెస్టర్ సిటీకి రాగానే చాలా మ్యాచ్‌లలో ఒంటరిగా నిలబడవలసి వచ్చింది. జోడీలో రాణించినవాడు ఒంటరిగా రాణించాలని లేదు, రాణించినా దానికి సమయం పడుతుంది. మీ క్లబ్బు కోచ్ ఏ పద్ధతిలో ఆడిస్తాడో మీకు తెలుసు కాబట్టి, ఈ రెంటినీ పోల్చుకుంటే మొదటి నెలలో రాబోయే ఇబ్బంది ఏమిటో ముందే ఊహించవచ్చు.

ఇక కొత్త జట్టు తరఫున అతను దిగినప్పుడు, మొదటి పదిహేను నిమిషాలు బంతిని వదిలి అతన్నే చూడండి. ఇది చెప్పినంత సులువు కాదు, కళ్లు వాటంతట అవే బంతి వెంట పోతాయి. అయినా పట్టుపట్టి చూస్తే కొన్ని విషయాలు తెలుస్తాయి. ఉదాహరణకు, ఎదుటి జట్టు సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) బంతితో ముందుకు వస్తున్నాడు, అతని చూపు నేరుగా తమ స్ట్రైకర్ కాళ్ల మీద ఉంది, మధ్యలో దారి తెరుచుకుని ఉంది. మన ఆటగాడు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి, ఎడమవైపు రెండడుగులు జరుగుతాడు. దారి మూసుకుపోతుంది. సెంటర్ బ్యాక్ ఆగి, బంతిని పక్కకు, అక్కడి నుంచి గోల్‌కీపర్‌కు పంపిస్తాడు. వ్యాఖ్యాత ఒక్క మాట అనడు, గణాంకాల్లో ఏదీ చేరదు, కాని ఒక దాడి మొదలు కాకుండానే ఆగిపోయింది. ఇలాంటివి పదిహేను నిమిషాల్లో ఎన్నిసార్లు జరుగుతున్నాయో చూడడమే ఈ స్థానాన్ని చూడడం.

మీ జట్టు ఫుల్ బ్యాక్ (డిఫెన్స్ అంచున ఆడేవాడు) దాడికి ముందుకు పోయినప్పుడు ఆ ఖాళీ వైపు ఇతను జరుగుతున్నాడా, సెంటర్ బ్యాక్‌లకూ ఇతనికీ మధ్య దూరం పెరిగిపోతోందా, గాలిలో గెలిచిన బంతి కింద పడే చోటుకు ముందుగా చేరుతున్నది ఎవరు అన్నవి కూడా అప్పుడే చూడాలి. టీవీ కెమెరా బంతిని అనుసరిస్తుంది కనుక అతను తరచూ తెర అంచున ఉంటాడు, ఒక్కోసారి కనిపించడు కూడా. గోల్ కిక్ సమయంలో కెమెరా కాస్త వెనక్కి జరిగినప్పుడు అతని స్థానాన్ని గుర్తు పెట్టుకోండి. మీ జట్టు ఎదుటివాళ్లకు గోల్ ఇచ్చినప్పుడు రీప్లేలో చివరి తన్ను గాక, దానికి నాలుగైదు సెకన్ల ముందు అతను ఎక్కడున్నాడో చూడండి. మైదానం మొత్తం ఒకేసారి కనిపించే చోట కూర్చుని చూడడం ఇంకా మంచి శిక్షణ. విజయవాడ లయోలా కాలేజీ మైదానంలోనో, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతుంటే ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని, మధ్యలో ఆడేవాడి మీదే చూపు నిలపండి. టీవీలో ఏం కోల్పోతున్నామో అక్కడ తెలిసివస్తుంది.

బంతి అతని దగ్గరికి వచ్చినప్పుడు చూడవలసినవి కొద్దే. పాస్ అందేలోపు అతను తల తిప్పి చుట్టూ చూశాడా? శరీరాన్ని సగం పక్కకు తిప్పి, మొదటి స్పర్శతోనే ముందుకు చూడగలిగేలా అందుకున్నాడా, లేక సొంత గోల్ వైపు ముఖం పెట్టి అందుకుని, ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేశాడా? నూటికి తొంభై పాస్‌లు సరిగ్గా వేశాడన్న అంకె విని మురిసిపోయే ముందు, వాటిలో ఎన్ని ఎదుటి జట్టు వరుసను దాటి ముందుకు వెళ్లాయో చూడాలి. పక్కకూ వెనక్కీ వేసినవి కూడా ఆ తొంభైలోనే ఉంటాయి.

ట్యాకిళ్ల లెక్క ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. ఎదుటివాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడే కదా ట్యాకిల్ వేయగలిగేది! ఒక ఆటగాడి జట్టుకు 40 శాతం సమయమే బంతి దక్కుతుందనీ, అతను మ్యాచ్‌కు 4 ట్యాకిళ్లు వేస్తాడనీ అనుకుందాం. మరొకడి జట్టుకు 65 శాతం సమయం బంతి ఉంటుంది, అతను 3 వేస్తాడు. మొదటివాడికి అవకాశం 60 శాతం సమయంలో దొరికితే, రెండోవాడికి 35 శాతంలోనే దొరికింది; అంటే సమయంతో భాగిస్తే రెండోవాడే ఎక్కువ వేస్తున్నట్టు. చిన్న జట్టు నుంచి పెద్ద జట్టుకు వచ్చినవాడి ట్యాకిళ్లు తగ్గాయని నిందించే ముందు ఈ భాగహారం ఒకసారి చేసుకోవడం న్యాయం. రిఫరీ హెచ్చరికగా చూపే ఎల్లో కార్డుల విషయంలో మాత్రం నిక్కచ్చిగా ఉండవచ్చు. ఎదురుదాడిని ఆపడానికి డెబ్బయ్యో నిమిషంలో తెలిసి చేసిన ఫౌల్ వేరు, పదో నిమిషంలో తొందరపడి తెచ్చుకున్న కార్డు వేరు, దాని తర్వాత అతను ఎనభై నిమిషాలు భయపడుతూ ఆడాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మొదటి 19 మ్యాచ్‌లలోపు అయిదు ఎల్లో కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం కూడా ఉంది.

ఎంతకాలం ఆగాలి అన్నదానికి చరిత్రే సమాధానం చెబుతోంది. 2018 వేసవిలో లివర్‌పూల్ కొన్న ఫాబీన్యోకు లీగ్ మ్యాచ్‌లో మొదటినుంచీ ఆడే అవకాశం అక్టోబరు చివర గాని రాలేదు. అదే సీజన్ ముగిసేసరికి ఆ జట్టు యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన చాంపియన్స్ లీగ్ గెలిచింది. 2023 ఆగస్టులో అదనపు చెల్లింపులతో కలిపి 11.5 కోట్ల పౌండ్ల ఒప్పందంతో చెల్సీకి వచ్చిన కైసెడో, వెస్ట్‌హామ్ మీద తన మొదటి మ్యాచ్‌లోనే సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఎదుటి జట్టుకు పెనాల్టీ ఇచ్చాడు, జట్టు 3-1తో ఓడింది. ఆ రోజు అతన్ని తిట్టినవాళ్లే తర్వాత అతను లేని జట్టును ఊహించలేకపోయారు. అదే నెలలో లివర్‌పూల్ అతన్ని అందుకోలేక, స్టుట్‌గార్ట్ నుంచి ముప్ఫై ఏళ్ల ఎండోను తెచ్చుకుంటే అభిమానులు నిట్టూర్చారు. ఆరు నెలలకు లీగ్ కప్ గెలిచిన జట్టులో అతనున్నాడు. రోడ్రి వచ్చిన మొదటి సీజన్‌లో సిటీ 18 పాయింట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. 2023 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఏకైక గోల్ అతనిదే, ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ 2024లో దక్కిందీ అతనికే.

తొందరపడి పొగడడమూ అంతే ప్రమాదం. ఇదే స్థానంలో ఆడే కాసెమీరో 2022లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చి, మొదటి సీజన్‌లోనే లీగ్ కప్ ఫైనల్‌లో గోల్ కొట్టి అందరి మన్ననా పొందాడు. మరుసటి సీజన్‌లో, 2024 మే నెలలో, క్రిస్టల్ ప్యాలెస్ 4-0తో ఓడించిన రోజు సెంటర్ బ్యాక్‌గా ఆడలేక నలిగిపోయాడు. ముప్ఫై ఏళ్లకు కొన్నవాడి విషయంలో మొదటి ఏడాది ఆటతో పాటు, ఒప్పందం మూడో ఏట అతని కాళ్లలో ఎంత వేగం మిగులుతుందన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

జట్టులో ఇప్పటికే ఎవరున్నారో మరిచిపోకూడదు. 2024 వేసవిలో లివర్‌పూల్ ఈ చోటుకు కోరుకున్న జుబిమెండీ తన క్లబ్బు రియల్ సొసియెడాడ్‌లోనే ఉండిపోతే లివర్‌పూల్ అభిమానులు సీజన్ మీదే ఆశ వదులుకున్నారు. కోచ్ స్లాట్ గ్రావెన్‌బెర్క్‌ను ఆ చోట నిలబెట్టాడు, ఆ సీజన్ లీగ్ వాళ్లే గెలిచారు. వెళ్లిపోయినవాడి విలువ కూడా లీగ్ పట్టికలో తెలుస్తుంది. 2003లో ఇదే స్థానంలో ఆడే మకెలెలేను చెల్సీకి అమ్మిన రియల్ మాడ్రిడ్ ఆ సీజన్ చివరి అయిదు లీగ్ మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. 2004-05లో చెల్సీ 38 మ్యాచ్‌లలో 15 గోల్స్ మాత్రమే ఇచ్చి లీగ్ గెలిచింది. అంతా ఒక్కడి ఘనతే అనడం అతిశయోక్తి అవుతుంది, కాని అదంతా యాదృచ్ఛికమనీ అనలేం. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కెప్టెన్ జోవావ్ విక్టర్ ఆడింది కూడా ఈ స్థానంలోనే. గోల్స్ కొట్టిన ఓగ్బెచే పేరు అందరికీ గుర్తుంది, జట్టును నడిపినవాడి పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. ఇది నాకు బాధ కలిగించే విషయం.

మొదటి తీర్పుకు అనువైన రోజు ఒకటుంది. అక్టోబరు చివరి ఆదివారం ఇంగ్లండ్‌లో గడియారాలు వెనక్కి జరుపుతారు. అప్పటినుంచి మనకు రాత్రి ఏడున్నరకు వచ్చే శనివారం మ్యాచ్‌లు ఎనిమిదిన్నరకు వస్తాయి. అప్పటికి తొమ్మిదో పదో లీగ్ మ్యాచ్‌లు అయి ఉంటాయి. అంతవరకు ప్రతి మ్యాచ్ తర్వాత ఫోన్‌లో రెండు వాక్యాలు రాసుకోండి: అతను మూసిన దారి ఒకటి, వదిలేసిన ఖాళీ ఒకటి. ఆ వారం వాటిని వరుసగా చదివి, అప్పుడు మీ మాట స్నేహితుల ముందు పెట్టండి. జనవరిలో ఆటగాళ్లను కొనే ట్రాన్స్‌ఫర్ విండో తెరిచేలోపు అవే వాక్యాలను మరోసారి చూసుకుంటే, క్లబ్బుకు ఆ చోట ఇంకొకరు కావాలా వద్దా అన్నది మీరే చెప్పగలుగుతారు.