రీబూట్ తర్వాత టామ్‌క్యాట్ తనే లేవాలంటే

జావా వెబ్ యాప్‌లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌ను పెట్టమంటే చాలామంది స్టార్టప్.ఎస్‌హెచ్ కొట్టి, బ్రౌజర్‌లో 8080 పోర్టు తెరిచి, పిల్లి బొమ్మ కనబడగానే పని అయిపోయిందనుకుంటారు. రాత్రి ప్యాచింగ్‌కి మెషీన్ రీబూట్ అయ్యాక ఆ పిల్లి ఉండదు. కొందరు ఆర్‌సీ.లోకల్‌లో ఒక లైను ఇరికిస్తారు. బూట్ అయినప్పుడు లేస్తుంది, సరే. మధ్యాహ్నం మెమరీ నిండి చస్తే లేపేదెవరు?

2014లో రెడ్‌హ్యాట్ 7, 2015లో ఉబుంటు 15.04 సిస్టమ్‌డీకి (లైనక్స్‌లో సర్వీసులను లేపి, కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం) మారాక, పేజీలకు పేజీలు ఇనిట్ స్క్రిప్టు రాసే ఖర్మ తప్పింది. ఇప్పుడు కావాల్సింది ఒక చిన్న ఫైలు: /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/టామ్‌క్యాట్.సర్వీస్.

ముందు టామ్‌క్యాట్ పేరుతో లాగిన్ లేని యూజర్‌ని సృష్టించి, లాగ్స్, టెంప్, వర్క్ ఫోల్డర్లను అతని పేరు మీదకు మార్చండి. రూట్‌తో నడపొద్దు. 80వ పోర్టు కావాలంటే టామ్‌క్యాట్‌కి ఎదురుగా ఎన్‌జిన్‌ఎక్స్ (రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టుకోండి.

ఫైల్లో అసలు కీలకం ఈ లైను:

ఎగ్జెక్‌స్టార్ట్=/ఆప్ట్/టామ్‌క్యాట్/బిన్/కాటలీనా.ఎస్‌హెచ్ రన్

చివర్లో 'రన్' అని ఉంది చూడండి, 'స్టార్ట్' కాదు. స్టార్ట్ అంటే జావాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేసి స్క్రిప్టు వెళ్లిపోతుంది. అప్పుడు టైప్=ఫోర్కింగ్ అనీ, ప్రాసెస్ నంబరు రాసుకునే పిడ్ ఫైలనీ తంటాలు పడాలి. మెషీన్ అర్ధాంతరంగా ఆగితే పాత పిడ్ ఫైలు మిగిలిపోయి ఇంకో తలనొప్పి. 'రన్' అంటే ఆ స్క్రిప్టే జావాగా మారి సిస్టమ్‌డీ కళ్లెదుటే ఉంటుంది. టైప్=సింపుల్ చాలు.

మీ బ్యాష్‌ఆర్‌సీ‌లో పెట్టుకున్న, జావా ఎక్కడుందో చెప్పే జావా_హోమ్‌ను సిస్టమ్‌డీ చదవదు. "చేత్తో నడిపితే వస్తోంది, సర్వీస్‌గా రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. కాబట్టి ఎన్విరాన్‌మెంట్ లైన్లో ఇవ్వండి. హీప్ (జావా వాడుకునే మెమరీ) సైజులు ఇచ్చేటప్పుడు మధ్యలో ఖాళీ వస్తుంది గనక మొత్తాన్ని కోట్స్‌లో పెట్టాలి:

ఎన్విరాన్‌మెంట్="కాటలీనా_ఆప్ట్స్=-ఎక్స్‌ఎంఎస్512ఎం -ఎక్స్‌ఎంఎక్స్1జీ"

ఆపినప్పుడు సిస్టమ్‌డీ సిగ్‌టర్మ్ (ఆగమనే సంకేతం, నంబరు 15) పంపుతుంది, జావా మర్యాదగానే మూసుకుని 143 కోడ్‌తో బయటికొస్తుంది. అది 128కి 15 కలిపిన లెక్క. సక్సెస్‌ఎగ్జిట్‌స్టేటస్=143 అని రాయకపోతే మామూలుగా ఆపినా ఎర్రగా 'ఫెయిల్డ్' చూపించి టెన్షన్ పెడుతుంది. 90 సెకన్లలో ఆగకపోతే బలవంతంగా చంపేస్తుంది. మీ యాప్‌కు అంతకన్నా ఎక్కువ పడితే టైమౌట్‌స్టాప్‌సెక్ పెంచండి.

రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్=10 కూడా పెట్టండి. ఆ పది సెకన్ల విరామం లేకపోతే వెంటవెంటనే ప్రయత్నించి, 10 సెకన్లలో 5 సార్లు దాటగానే చేతులెత్తేస్తుంది. యూజర్ లైను, కింద ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్ మర్చిపోవద్దు.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, ఆపైన ఎనేబుల్ --నౌ. ఫైల్లో ఏం మార్చినా డీమన్-రీలోడ్ మళ్లీ కొట్టాలి. లాగ్స్ జర్నల్‌సీటీఎల్ -యూ టామ్‌క్యాట్ -ఎఫ్‌లో చూసుకోండి.

పరీక్షించడానికి జావా ప్రాసెస్‌ని కిల్ -9 చేయండి, పది సెకన్లకు లేవాలి. మామూలు కిల్ అంటే సిగ్‌టర్మే, దాంతో లేవదు, 143ని మనమే సక్సెస్ అన్నాం కదా. 'యాక్టివ్' అని పచ్చగా కనిపించినా నమ్మొద్దు. డేటాబేస్ దొరక్క మీ యాప్ డిప్లాయ్ కాకపోయినా టామ్‌క్యాట్ మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది. యాప్ యూఆర్‌ఎల్‌కి కర్ల్ కొట్టి 200 (అంతా సరే అనే జవాబు) వచ్చిందో లేదో చూడండి, ఒకసారి నిజంగా రీబూట్ చేసి మళ్లీ చూడండి.