కారు సెల్ఫ్, డైనమో మీరే చూసుకుంటున్నారా? స్పానర్ పట్టే ముందు ఇవి చదవండి

వానలు మొదలవకముందే ఒక ఆదివారం పొద్దున బానెట్ ఎత్తి బ్యాటరీ, డైనమో (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది), సెల్ఫ్ మోటారు (ఇంజిన్‌ని స్టార్ట్ చేసేది) ఒకసారి చూసుకోండి. మన దగ్గర బ్యాటరీలు దెబ్బతినేది ఏప్రిల్, మే ఎండలకే. బయటపడేది మాత్రం వాన పడే రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ కలిసి కరెంటు లాగుతున్నప్పుడు, అదీ సరిగ్గా ఫ్లైఓవర్ మీద.

12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనే ధీమాతోనే చాలామంది చేతులు కాల్చుకుంటారు. పొడి చేత్తో ముట్టుకుంటే ఏమీ కాదు, నిజమే. కానీ సెల్ఫ్ తిరిగేటప్పుడు అదే బ్యాటరీ వంద ఆంపియర్లకు పైనే ఇస్తుంది, షార్ట్ అయితే దానికి ఎన్నో రెట్లు. నేను మొదటిసారి తొందరపడి ముందు ప్లస్ విప్పబోయాను, 10 నంబరు స్పానర్ రెండో కొస బాడీకి తగిలి వెల్డింగ్ చేసినట్టు మెరుపు వచ్చింది, ఆ గాటు స్పానర్ మీద ఇప్పటికీ ఉంది. కారు బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది కాబట్టి విప్పేటప్పుడు ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర్లో పెట్టాలి. ఉంగరం, కడియం, మెటల్ వాచీ తీసి లోపల పెట్టి రండి, ఎందుకంటే స్పానర్ బదులు ఉంగరం షార్ట్ అయితే వేలు కాలిపోతుంది. డైనమో వెనకున్న లావు వైరు, సెల్ఫ్ మోటారుకి వెళ్లే లావు వైరు నేరుగా బ్యాటరీ నుంచే వస్తాయి, తాళం తీసేసినా వాటిలో కరెంటు ఉంటుంది. మైనస్ తీయకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో సిగరెట్, అగ్గిపుల్ల వద్దు. టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగితే పోతుంది, ఆ నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోండి. కళ్లద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు కాదు.

అసలు ఏదైనా విప్పే ముందు మీటర్ పెట్టండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉండగా బ్యాటరీకి పెట్టారంటే మళ్లీ షార్టే, అది వోల్టుల దాంట్లోనే ఉందో లేదో చూసుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ మీద అనుమానపడాలి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో పని చేస్తున్నట్టే. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని ఎక్కువ తక్కువ చేస్తుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి డైనమో పోయిందని తేల్చేయకండి. బెల్ట్ తిరుగుతున్నప్పుడు చున్నీ, వదులు చొక్కా దగ్గరికి రానివ్వొద్దు. ఇంజిన్ ఆపేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా తిరగొచ్చు.

పాతకాలం మెకానిక్‌లు కొందరు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడు, ఆగిపోతే డైనమో పోయినట్టే అంటారు. దయచేసి ఆ పని చేయకండి, వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, కాలిపోవచ్చు, అప్పుడు ఖర్చు బ్యాటరీకి మించిపోతుంది.

సెల్ఫ్ టక్ మని ఊరుకుంటే అందరూ మోటారునే తిడతారు. నాకూ ఒక షాపులో బ్యాటరీ మార్చేశారు, వారానికే మళ్లీ అదే కథ, చివరికి తేలింది ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ వైరు చిలుం పట్టిందని! మీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్‌కి, ఇంకోటి ఇంజిన్ ఇనుముకి పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. సగం వోల్టు దాటితే ఎర్తింగ్ లోపమే. ఆ మనిషిని గేర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందా అని రెండుసార్లు అడగండి. పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆగాలి, లేకపోతే మోటారు వైండింగ్ వేడెక్కి పోతుంది. సెల్ఫ్ మోటారు కింది నుంచి తీయాల్సిన కారైతే ఒట్టి జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరకండి. కారు బరువు మోసే జాక్ స్టాండ్లు లేకపోతే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

జంపర్ పెట్టాలంటే, అంటే ఇంకో కారు బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేయాలంటే, ఎర్ర వైరు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం ఆగిన కారు ఇంజిన్ ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ ఉబ్బి ఉన్నా, పగిలి ఉన్నా జంపర్ ఆలోచనే వద్దు. హైబ్రిడ్ కారులో నారింజ రంగు వైర్లు కనిపిస్తే అవి 12 వోల్టులవి కావు, చెయ్యి పెట్టొద్దు.

ఇంకొకటి, నీళ్లలో మునిగిన కారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్ వైపు ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి కారుకి నీళ్లు తగ్గాయి కదా అని సెల్ఫ్ కొట్టకూడదు, సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. పైగా ఇన్సూరెన్స్‌తో పాటు విడిగా తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ లేకపోతే ఆ నష్టానికి మామూలుగా ఇన్సూరెన్స్ కూడా రాదు. మైనస్ తీసేసి, ఫొటోలు తీసుకుని, టోయింగ్ బండికి ఫోన్ చేయండి.