గట్టున జీవవైవిధ్యానికి చోటు: రైతు వేసుకోవలసిన లెక్క

పొలంలో కొంత భూమిని చెట్లకు, పూల మొక్కలకు వదిలే ముందు రైతు లెక్కించవలసింది మొత్తం దిగుబడిని కాదు, ఆ పట్టీ మీద నికరంగా మిగిలే ఆదాయాన్ని. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు 209 అడుగులు వస్తుంది. ఒక వైపు 3 అడుగుల పట్టీ వదిలితే పోయేది 627 చదరపు అడుగులు, అంటే ఎకరంలో ఒకటిన్నర శాతం లోపే. పైగా ట్రాక్టరు తిరిగి నేల గట్టిపడిన చివర్లలో, నీడ పడే అంచుల్లో దిగుబడి ఎలాగూ తక్కువే కాబట్టి, మొదట అక్కడే వదలాలి.

తర్వాత రాబడి వైపు చూడాలి. ఆడ, మగ పూలు వేరుగా పూసే బీర, గుమ్మడి వంటి పంటల్లో తేనెటీగలు తగ్గితే కాయ సరిగా నిలవదు. గట్టున ఎన్ని పూలున్నా, పూత దశలో తేనెటీగలు తిరిగే వేళ పురుగుమందు చల్లితే ఆ లాభం దక్కదు. పంటకు హాని చేసే పురుగులను తినే మిత్రపురుగుల వల్ల మందు ఖర్చు తగ్గుతుందని ముందే జమ వేయరాదు. పురుగు ఉధృతిని చూసి, నిజంగా మానుకున్న పిచికారీల ఖర్చునే రాసుకోవాలి.

కౌలు రైతు విషయం వేరు. చెట్టు ఫలం అందేలోపే కౌలు గడువు ముగియవచ్చు కనుక, అతనికి బంతి, అలసంద వంటి ఆ ఏడాదే అక్కరకు వచ్చే మొక్కలే తగినవి. చెట్ల ఖర్చును భూయజమాని భరించడమే న్యాయం.

పక్షులు, తేనెటీగలు పక్క పొలాలకూ మేలు చేస్తాయి కాబట్టి, ఒక్క రైతు లెక్కలో నష్టంగా కనిపించినది ఊరి లెక్కలో లాభం కావచ్చు. అందువల్ల ఇరుగుపొరుగు రైతులు కలిసి వరుస గట్లను ఎంచుకుని, 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన స్థానిక కమిటీ ముందు తమ ప్రతిపాదన ఉంచాలి.