వాన పడకముందే ఆటో ముందు టైరు చూసుకోండి

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఇంచుమించు అవే రోజుల్లో తొలకరి చినుకులూ పడతాయి. బండి నిండా పిల్లలు, కింద జారే రోడ్డు. ఈ రెండూ కలిసి వచ్చేలోగా, మే నెలాఖరుకే టైర్ల పని ముగించుకోమని కడప ఆటో డ్రైవర్లను కోరుతున్నాను.

మనలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నేనూ ఏళ్ల తరబడి చేశాను. కొత్త టైర్లు కొన్నప్పుడు రెండూ వెనక వేయించి, పాతవాటిలో కాస్త మేలుగా ఉన్నదాన్ని ముందుకు మారుస్తాం. బరువంతా వెనకే కదా అని మన లెక్క. కానీ బండిని తిప్పేది ముందున్న ఒక్క చక్రమే. కారుకు ముందు రెండు చక్రాలు ఉంటాయి, ఒకటి పట్టు తప్పినా రెండోది కొంతైనా ఆదుకుంటుంది. ఆటోకు ఆ రెండోది లేదు.

కొన్నేళ్ల కిందట రాయచోటి నుంచి ఖాళీగా వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నాను. చినుకులు మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. మలుపులో బ్రేకు తొక్కుతూ హ్యాండిల్ ఎడమకు తిప్పాను. చేతులకు బరువే తగల్లేదు, హ్యాండిల్ ఉత్తినే తిరిగింది. బండి మాత్రం తిన్నగా ఎదుటి వాహనాలు వచ్చే వైపు జారిపోతోంది. భయంతో బ్రేకు మీద నుంచి కాలు తీసేశాను. అదే నన్ను కాపాడింది. బిగుసుకున్న చక్రం మళ్లీ దొర్లగానే రోడ్డును పట్టుకుంది. కొంత దూరం వెళ్లాక పక్కన ఆపి చూస్తే ముందు టైరు నడుమ గీతలే లేవు, వేలితో రాస్తే పలకలా నున్నగా ఉంది. వెనక రెండూ నెలన్నర కిందట వేసిన కొత్తవి.

అందుకే ఇప్పుడు కొత్త టైరు ఒక్కటే కొనే స్తోమత ఉన్నా అది ముందుకే వెళుతుంది. చుట్టూ నిలువు గీతలు ఉండేదే అడిగి తీసుకుంటాను. ఆ గీతలు నీటిని దారి తీయిస్తాయి, పక్కకు జారకుండా పట్టు ఇస్తాయి. మూడు చక్రాల బండికి గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. అది చట్టం ఒప్పుకునే చివరి హద్దు. వానలో దాన్ని నమ్ముకోవద్దు. నా మట్టుకు 2 మిల్లీమీటర్లకు రాగానే మార్చేస్తాను.

టైరు పక్కగోడ మీద తయారైన తేదీ కూడా ఉంటుంది. చివరి నాలుగు అంకెలు 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. వాడని టైరైనా పక్కన సన్నని పగుళ్లు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.

వెనక టైర్లు రెండూ ఒకే కొలత, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది, తిన్నని రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్‌కు (వెనక రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టెకు) తీరిక ఉండదు. ఎత్తుగా కనబడాలని పెద్ద కొలత టైర్లు వేయించేవాళ్లను చూస్తే నాకు గుండె దడ. బండి ఎత్తు పెరిగిందంటే బోల్తా పడే గుణమూ పెరిగినట్లే. మలుపులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకూ బయటి పక్కకూ దూకుతుంది. సరిగ్గా ఆ మూలలో మనకు చక్రం లేదు. టైరు పట్టు ఎంత బాగుంటే జారడం అంత తగ్గుతుంది, కానీ వేగం ఎక్కువైతే జారాల్సిన బండి తిరగబడుతుంది. కాబట్టి కొత్త టైర్లు వేసినా మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోవాలి. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో ఎక్కువ చూపిస్తుంది, అది చూసి తీసేస్తే మరునాటికి తక్కువవుతుంది. ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఎర్రగుంట్ల వైపు తిరిగేవాళ్లకు ఇంకో మాట. సిమెంటు దుమ్ము, బండల పొడి ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకుని, మొదటి వానకు జిగటగా మారుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్క పొలాల నుంచి ట్రాక్టర్లు తెచ్చే నల్లరేగడి బురద టైరు గీతల్లో నిండిపోతే కొత్త టైరూ గుండు టైరే. పుల్లతో గీకి తీసేశాకే తారు రోడ్డు ఎక్కండి.

పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు నడిపే దివ్యాంగ సోదరులు కూడా ఇది చూసుకోవాలి. పక్క చక్రాలు మరీ కిందికి బిగిస్తే నడిపించే నడుమ చక్రం మీద బరువు తగ్గి, తడి నేల మీద ఉత్తినే తిరుగుతుంది. పైగా ఆ బండి మలుపులో స్కూటరులా వాలదు, వేగం ఇంకా తగ్గించాలి.

స్టెప్నీని మరిచిపోవద్దు, అందులోనూ గాలి నింపించండి. చాలా ఆటోల రిమ్ము రెండు ముక్కలను నట్లతో కలిపినదే. పంక్చర్ వేయించేటప్పుడు ట్యూబులో గాలి పూర్తిగా పోయాకే ఆ నట్లు విప్పాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది. దారిలో చీకటి పడి తొందరలో ఉన్నా సరే, ముందు వాల్వు పిన్ను తీసి గాలి వదలండి.