ఉద్యమాల గురించి, న్యాయం గురించి ఇంగ్లీషులో మాట్లాడటం ఎలా?

ధర్నా, బంద్, రాస్తారోకో, నిరాహార దీక్ష. ఈ మాటలు మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అదే విషయాన్ని గ్రూప్ డిస్కషన్‌లోనో, విదేశీ సహోద్యోగితోనో ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే మాత్రం చాలామంది ‘ప్రొటెస్ట్’, ‘జస్టిస్’ దగ్గరే ఆగిపోతారు. చెప్పాల్సిన అన్యాయం పెద్దది, చేతిలో ఉన్న మాటలు రెండే. పదాల జాబితా బట్టీ పడితే ఈ ఇబ్బంది తీరదు. ఒక ఉద్యమాన్ని తీసుకుని, అది నడిచిన వరసలోనే దాని మాటలు నేర్చుకోండి. నేను ఎప్పుడూ సూచించేది అమెరికాలోని మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ. అందులో అరెస్టు నుంచి కోర్టు తీర్పు దాకా అన్నీ ఉన్నాయి.

1. ముందు కథను తెలుగులో రాసుకోండి

1955 డిసెంబరు 1న అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ సిటీ బస్సులో కూర్చుని ఉన్నారు. తెల్లవాళ్ల సీట్లు నిండిపోవడంతో డ్రైవరు ఆమెను లేవమన్నాడు. ఆమె లేవలేదు. పోలీసులు అరెస్టు చేశారు, కోర్టు 10 డాలర్ల జరిమానా వేసింది. డిసెంబరు 5 నుంచి నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానేశారు. 381 రోజులు నడిచారు, ఒకరి కార్లలో ఒకరు వెళ్లారు. ముందు నిలిచి నడిపించిన మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పుడు 26 ఏళ్లు. చివరికి బస్సుల్లో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ విడదీసి కూర్చోబెట్టే చట్టాన్ని కోర్టు కొట్టేసింది.

2. ప్రతి క్రియనూ దాని తోడుతో కలిపి నేర్చుకోండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ‘రెఫ్యూజ్’ అని ఒక్క మాట రాసుకుంటే వాడే వేళకు గుర్తుకు రాదు. ‘షి రెఫ్యూజ్డ్ టు గివ్ అప్ హర్ సీట్’ అని మొత్తం రాసుకోండి. అలాగే ‘హ్యాండ్ అవుట్ లీఫ్‌లెట్స్’ అంటే కరపత్రాలు పంచడం. జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీయించి చేసింది అదే. ‘కాల్ ఫర్ ఎ బాయ్‌కాట్’ అంటే బహిష్కరణకు పిలుపునివ్వడం. ‘బాయ్‌కాట్’ను క్రియగా వాడితే మధ్యలో ఏమీ రాదు, ‘దే బాయ్‌కాటెడ్ ద బసెస్’ అంతే. ఈ మాట ఒక మనిషి పేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో కౌలు రైతులు వెలివేసిన భూస్వామి ఏజెంటు చార్లెస్ బాయ్‌కాట్ పేరు అలా భాషలో ఉండిపోయింది.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ‘డిమాండ్’ దగ్గర. క్రియ అయితే ‘వి డిమాండ్ జస్టిస్’. నామవాచకం అయితేనే ‘ఫర్’ వస్తుంది, ‘అవర్ డిమాండ్ ఫర్ జస్టిస్’. ‘వి డిమాండ్ ఫర్ జస్టిస్’ అనకూడదు. కేసుల భాషలో కూడా ఇంతే పట్టింపు ఉంటుంది: ‘అక్యూజ్డ్ ఆఫ్’, ‘చార్జ్‌డ్ విత్’, ‘కన్విక్టెడ్ ఆఫ్’, ‘సెంటెన్స్‌డ్ టు’. ఎవరైనా ఎవరినైనా ‘అక్యూజ్’ చేయవచ్చు. ‘చార్జ్’ చేసేది చట్టం. ‘కన్విక్ట్’ అయ్యేది కోర్టు దోషి అని తేల్చాకే. ఈ మూడూ కలిపేస్తే నిర్దోషిని దోషిగా చెప్పిన వాళ్లమవుతాం.

కోర్టు చట్టాన్ని కొట్టేస్తే ‘స్ట్రక్ డౌన్’. కింది కోర్టు తీర్పును పై కోర్టు సమర్థిస్తే ‘అప్‌హెల్డ్’. మాంట్‌గోమరీలో రెండూ జరిగాయి. 1956 జూన్‌లో ఫెడరల్ కోర్టు బస్సుల్లో వర్ణ విభజన చెల్లదంది, నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ దావా వేసిన వాళ్లలో రోజా పార్క్స్ లేరు. క్లాడెట్ కోల్విన్ ఉన్నారు. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 15 ఏళ్ల వయసులో, అదే నగరంలో సీటు వదలనని అరెస్టయిన అమ్మాయి ఆమె. ఈ పేరును కూడా మీ కథలో చేర్చండి.

3. ‘న్యాయం చేయడం’ దగ్గర జాగ్రత్త

‘మాకు న్యాయం చేయండి’ అన్నదాన్ని ‘డూ జస్టిస్’ అని దింపకండి. ‘డూ జస్టిస్ టు’ను ఇంగ్లీషులో ఎక్కువగా వేరే అర్థంలో వాడతారు. ఒక విషయాన్ని దాని స్థాయికి తగ్గట్టు చెప్పడం, చూపించడం అన్నమాట. బాధితుల తరఫున ‘వి వాంట్ జస్టిస్’, ‘జస్టిస్ ఫర్ ద విక్టిమ్స్’ అనండి. ‘బ్రింగ్ టు జస్టిస్’ అంటే నేరం చేసినవాణ్ని కోర్టుకీడ్చి శిక్ష పడేలా చూడటం. పొరపాటున ‘బ్రింగ్ ద విక్టిమ్ టు జస్టిస్’ అంటే బాధితుడికే శిక్ష వేయమని అడిగినట్టు. అధికారుల్ని జవాబుదారీ చేయడం ‘హోల్డ్ దెమ్ అకౌంటబుల్’. నేరం చేసి తప్పించుకోవడం ‘గెట్ అవే విత్ ఇట్’.

4. నానుడులు కొన్ని చాలు, ప్రతిదానికీ ఒక మనిషిని జతచేయండి

‘టేక్ ఎ స్టాండ్’ అంటే ఒక పక్షాన గట్టిగా నిలబడటం. ‘స్టాండ్ యువర్ గ్రౌండ్’ అంటే ఒత్తిడి వచ్చినా వెనక్కి తగ్గకపోవడం. 1956 జనవరిలో ఇంటిపై బాంబు వేసినా కింగ్ చేసింది రెండోది. ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. ‘ఫాల్ ఆన్ డెఫ్ ఇయర్స్’ అంటే మొర చెవికెక్కకపోవడం. ‘ద లాస్ట్ స్ట్రా’ అంటే ఓర్పు తెగిన ఆఖరి దెబ్బ. ‘టేక్ టు ద స్ట్రీట్స్’ అంటే జనం రోడ్డెక్కడం.

‘గివ్ ఇన్’ అంటే లొంగిపోవడం. రోజా పార్క్స్ కాళ్ల నొప్పితో లేవలేదనే కథ చాలా పుస్తకాల్లో ఉంది. ఆమె దాన్ని ఒప్పుకోలేదు. ‘టైర్డ్’ అంటే ఒళ్లలసిపోవడం. ‘టైర్డ్ ఆఫ్ గివింగ్ ఇన్’ అంటే లొంగి లొంగి విసిగిపోవడం. ఆమె చెప్పుకున్నది రెండోదే. ఒక్క ‘ఆఫ్’ను సరిగా వాడటం ఆమెకు మనమివ్వగల గౌరవం.

ఒకే పేరాలో మూడు నాలుగు నానుడులు కుక్కకండి. ఒకటి ఉంటే బలం, నాలుగుంటే వినేవాళ్లు విషయాన్ని వదిలేస్తారు.

5. ఏ మాట ఎవరి పక్షమో గమనించండి

అదే గుంపును ‘ప్రొటెస్టర్స్’ అనవచ్చు, ‘మాబ్’ అనవచ్చు. ‘మాబ్’ అన్నప్పుడే సగం తీర్పు ఇచ్చేసినట్టు. హింస జరగనిచోట ‘రయట్’ వాడకండి. మన పేపర్లలో ‘ఎజిటేషన్’ అంటే ఉద్యమం. బయటి దేశాల్లో ఎక్కువగా మనసు స్థిమితం లేకపోవడం అనుకుంటారు. ‘మూవ్‌మెంట్’, ‘క్యాంపెయిన్’ నయం. ‘లాఠీ చార్జ్’కు బదులు ‘బాటన్ చార్జ్’ అంటే తెలుస్తుంది. ‘ధర్నా’ను అలాగే వాడి, ‘ఎ సిట్-ఇన్ ప్రొటెస్ట్’ అని ఒక్క ముక్క చేర్చండి.

6. గట్టిగా, మన కథతో చెప్పి చూడండి

‘ప్రొటెస్ట్’ నామవాచకమైతే ‘ప్రొ’ మీద, క్రియైతే ‘టెస్ట్’ మీద ఒత్తి పలకాలి. ఇది రికార్డు చేసుకుని వింటేనే పట్టుబడుతుంది.

తర్వాత పొట్టి శ్రీరాములు దీక్ష గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి. 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలై, డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసింది. ‘ఫాస్ట్ అన్‌టు డెత్’ మన పేపర్ల మాట, విదేశీయులకు ‘హంగర్ స్ట్రైక్’ తేలిక. అక్కడి నుంచి జనం రోడ్డెక్కడం, నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం దాకా వెళ్లండి. తెలంగాణ వాళ్లయితే 2011 సకల జనుల సమ్మెను తీసుకోవచ్చు. ‘వెంట్ ఆన్ ఎ జనరల్ స్ట్రైక్’తో మొదలుపెట్టి, 42 రోజుల తర్వాత ఉద్యోగులు విరమించిన చోట ‘కాల్డ్ ఆఫ్ ద స్ట్రైక్’ వాడండి. మాట దొరకక ఆగిన ప్రతిచోటా ఆ వాక్యాన్ని తెలుగులోనే పూర్తి చేసి గుర్తు పెట్టుకోండి. రేపు నేర్చుకోవాల్సిన మాటలు అవే.