మట్టి పరీక్షకు మట్టి ఇలా తీయండి

పెరట్లో వంగ, బెండ ఆకులు పసుపు రంగుకి తిరిగినప్పుడల్లా ఏదో ఒక ఎరువు కొనుక్కొచ్చి చల్లడం, డబ్బు దండగ. పోనీ పరీక్ష చేయిద్దామని గోడ పక్కనుంచి దోసెడు మట్టి ఇచ్చాను. పీహెచ్, అంటే మట్టిలో ఆమ్ల, క్షార గుణం ఎంతుందో చెప్పే అంకె, బాగా ఎక్కువ వచ్చింది. తర్వాత తెలిసింది, అక్కడంతా ఇల్లు కట్టినప్పటి సున్నం, సిమెంటు పెళ్లలే.

ఈసారి ఇలా తీశాను. పైన ఆకులు, చెత్త పక్కకి నెట్టి, 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి. ఆ గుంట అంచు వెంట పైనుంచి కిందిదాకా వేలి మందాన ఒక పొర గీకాలి. ఇలా 8-10 చోట్ల. గడ్డి పెంచే చోటైతే 10 సెంటీమీటర్లు చాలు. అంతా ప్లాస్టిక్ బకెట్‌లోనే వేయండి. జింకు పూత ఉన్న రేకు బకెట్ వాడితే జింకు లెక్క తప్పొస్తుంది.

గడ్డలు చిదిపి, రాళ్లు, వేర్లు ఏరేసి, కాగితం మీద గుండ్రంగా పరవండి. వేలితో ప్లస్ గుర్తు గీసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయండి. మిగిలింది కలిపి మళ్లీ అంతే, అరకిలో మిగిలేదాకా. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టి ఇవ్వండి. నాకు ఈసారి పీహెచ్ మామూలుగానే ఉంది, తక్కువైంది నత్రజని ఒక్కటే. కొందామనుకున్న మిగతా సంచులు మానేశాను.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: యూరియా గానీ పశువుల ఎరువు గానీ వేసి కనీసం నెలన్నా కాకపోతే మట్టి తీయకండి, ఆ ఎరువే ఫలితంలో కనిపిస్తుంది.