అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ సర్వీసు చార్టు: బరంపురం బడి పిల్లల ఎగ్జిబిషన్ కోసం

56×71 సెంటీమీటర్ల చార్టు పేపర్లు రెండు తీసుకుని, 56 సెం.మీ. అంచులు 2 సెం.మీ. మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పొడవుగా అతికించండి. ఫెవికాల్ పల్చగా రాయాలి. ఎక్కువైతే కాగితం ముడుచుకుని, ఏళ్లు గుర్తించే గీత సరిగ్గా అక్కడే వంకరపోతుంది. మొత్తం 140 సెం.మీ. వస్తుంది. అటూ ఇటూ పదేసి వదిలితే మిగిలిన 120లో 1958 నుంచి 2017 దాకా అరవై ఏళ్లు, ఏడాదికి 2 సెం.మీ. చొప్పున సరిపోతాయి. పైన ఓడ బొమ్మకు మీటరుకు 2 మి.మీ. కొలత వాడండి. అసలు పొడవు 342 మీటర్లు, కాబట్టి బొమ్మ 68.4 సెం.మీ.

ఎక్కువమంది బోల్తా పడేది తేదీల దగ్గరే. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నుదూలం) వేసిన 2/4/1958ని మనవాళ్లు ఏప్రిల్ 2 అని దించేస్తారు, అది ఫిబ్రవరి 4. జలప్రవేశం 9/24/1960 అయితే ఎవరూ పొరబడరు, 24వ నెల లేదు కదా! అందుకే రోజు 12 లోపు ఉన్న ప్రతి తేదీనీ మళ్లీ చూడండి. నౌకాదళంలో చేరింది 1961 నవంబరు 25న. గీత మొదలు నుంచి 7.8 సెం.మీ. దగ్గర చుక్క పెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే పేరున్న ఓడ వేరు. బొమ్మ మీద ఈ ఓడ నంబరు 65 ఉందో లేదో చూసుకోండి.

తప్పనిసరి చుక్కలు: 1962లో అమెరికా చేసిన క్యూబా సముద్ర దిగ్బంధం, 1964లో ఇంధనం నింపుకోకుండా 65 రోజుల భూప్రదక్షిణ, 1965 డిసెంబరులో వియత్నాం యుద్ధం. 1969 జనవరి 14న హవాయి దగ్గర, విమానాల ఇంజన్లు స్టార్ట్ చేసే బండి వేడిగాలికి రాకెట్ పేలి మంటలు లేచాయి. 28 మంది పోయారు. 1990–94 రీఫ్యూయలింగును (అణు ఇంధనం మార్చడాన్ని) వేరే రంగు పట్టీగా వేయండి, లేకపోతే ఎనిమిది అణు రియాక్టర్లున్న ఓడకు ఇంధనమే మార్చక్కర్లేదని పిల్లలు అనుకుంటారు.

1971 డిసెంబరు చుక్క మాత్రం పెద్దది కావాలి. ఆ నెలలో, భారత్-పాకిస్తాన్ యుద్ధం సమయంలో, ఇది మన బంగాళాఖాతంలోకే వచ్చింది. చిన్న మ్యాపు వేసి మలక్కా జలసంధి నుంచి బాణం గీయండి. గోపాల్‌పూర్ తీరం దాకా లాగొద్దు, నడిసముద్రంలోనే ఆపేయండి.

చివర రెండు చుక్కలు: 2012 డిసెంబరు 1న విధులు ఆగాయి, 2017 ఫిబ్రవరి 3న అధికారికంగా సర్వీసు ముగిసింది. మధ్యలో చుక్కల గీతే వేయాలి. ప్రతి తెలుగు పేరు కింద ఒడియా పేరుకు 3 సెం.మీ. ముందే వదిలేయండి.